నాకు మూత వచ్చింది

నమోదు 1

ఉదయం నా పని పోయింది. మధ్యాహ్నం నాకు మూత వచ్చింది. రెండూ ఒకే రోజు జరిగాయి కాబట్టి కలిపి రాస్తున్నాను.

ముందు పని గురించి. నా పేరు బుల్లబ్బాయి. మంచులంకలో తలుపుల తనిఖీదారుని. ఇక్కడ తలుపుకి అవతల గాలి ఉండదు. తలుపు మీద పచ్చదీపం వెలిగిందంటే మూసుకున్నానని తలుపు చెప్పినట్టు. ఆ మాట నమ్మకుండా వెళ్ళి లాగి చూడడం నా ఉద్యోగం. కొత్తగా బిగించిన తలుపులు తమని తామే లాగి చూసుకుంటాయి. అందువల్ల నన్ను ఇంటికి పంపారు. పంపేటప్పుడు శాలువా కప్పారు.

ఇక మూత గురించి. మా ఊళ్ళో ప్రతి మనిషికీ ఒక గుర్తు ఉంటుంది. పద్దెనిమిదేళ్ళు నిండిన రోజు కొత్తబట్టలు కట్టుకుని మామ్మ దగ్గరికి వెళ్ళాలి. మామ్మ ఒక యంత్రం. మా పెద్దలు గోదావరి లంకల నుంచి ఈ మంచుచంద్రుడి మీదికి వచ్చినప్పుడు వాళ్ళతోనే వచ్చింది. ఎదురుగా మనిషి నిలబడితే దాని తెర వెలిగి ఒక వస్తువు బొమ్మ కనిపిస్తుంది. ఆ వస్తువే మన గుర్తు. దాన్ని సంపాదించి గుమ్మానికి తగిలించుకోవాలి. అది మన బతుక్కి ఏం చెప్తోందో గ్రహించి అలా బతకాలి. నాకు అప్పట్లో రబ్బరు చుట్టు వచ్చింది. తలుపు అంచుల్లో వేసేది అదే కదా అని తలుపుల్లోకి వెళ్ళాను. పని పోయినవాళ్ళు రెండో గుర్తు కోసం వెళ్ళొచ్చు. ఈ రెండు సందర్భాల్లో తప్ప మామ్మని ఇబ్బంది పెట్టడం మర్యాద కాదు.

వెళ్ళాను. తెర వెలిగింది. మూత.

"చూశారాండి?" అంది మామ్మ.

"చూశానండి. మూత."

"ఆయ్. మూతేనండి."

"చాలా సంతోషం మామ్మా. మీకేమైనా కావాలాండి?" ఇది వచ్చేముందు అందరూ అనే మాట.

"అబ్బే, నాకేం వద్దండి."

ఇంటికొచ్చి నా భార్య మంగతాయారుకి చెప్పాను.

"దేని మూతండి?" అంది.

"చెప్పలేదు."

"అడగలేదేంటి?"

"మామ్మని అలా అడిగేస్తామా?"

"అదీ నిజమేలెండి," అంది తాయారు.

శనివారం వివరణ సభ. మూత నా బతుక్కి ఏం చెప్తోందో సభ ఒప్పుకునేలా చెప్పాలి. చెప్పలేకపోతే ఆదివారం బండి మీద ఉత్తర గనికి పంపుతారు. అక్కడ మంచు తవ్వడానికి మనుషులు కావాలి. తిండి నాచు జావ. పెద్దా చిన్నా లేకుండా అందరినీ నువ్వంటారని చెప్పుకుంటారు. తాయారు నాతో రావడానికి వీల్లేదు. ఆమె గుర్తు జల్లెడ, ఊరంతటికీ పిండి జల్లించి పెట్టేది ఆమే, ఆ పని వదిలి వెళ్ళడానికి నియమం ఒప్పుకోదు.

ఇంకో సంగతి. పొద్దున్న స్నానాలకి రావలసిన వేడినీళ్ళు మధ్యాహ్నం భోజనాల వేళకి వచ్చాయి. కొందరు భోజనం వదిలి స్నానానికి వెళ్ళారు.

నమోదు 2

మిగతావాళ్ళు తమ గుర్తులకి అర్థం ఎలా కనుక్కున్నారో తెలుసుకోవడానికి బయల్దేరాను.

నా బామ్మర్ది అబ్బులు గుర్తు గొట్టం. దానికి కన్నాలు పెట్టి వాయించడం మొదలుపెట్టాడు. ఊళ్ళో ప్రతి పెళ్ళికీ వాయిస్తాడు. బాగా వాయిస్తాడని ఇంతవరకు ఎవరూ అనలేదు. ఆపమని కూడా అనలేదు.

నూకరత్నం గుర్తు నట్టు. మరుసటి వారం చంటిబాబు వెళితే బోల్టు వచ్చింది. పెద్దలు ఆ సాయంత్రమే తాంబూలాలు పుచ్చుకున్నారు. వాళ్ళకి ముగ్గురు పిల్లలు.

సభ పెద్ద పల్లాలమ్మగారి గుర్తు తీగెల బ్రష్. నలభై మూడేళ్ళుగా ఊళ్ళో ఏ మరక కనిపించినా, ఏ అవకతవక కనిపించినా తోమేస్తున్నారు. ఆవిడ నడిచి వస్తుంటే జనం చేతులు వెనక్కి పెట్టుకుంటారు.

"మూతంటే ఏముంది బావగారూ, నోరు మూయించడం," అన్నాడు అబ్బులు. "నాచు తొట్టి కాడ రెండిళ్ళోళ్ళు ఏడాదిబట్టి కొట్టుకుంటన్నారు. ఎల్లి మూయించండి. ఊరంతా దండం పెట్టుద్ది."

వెళ్ళాను. రెండిళ్ళవాళ్ళూ వాకిట్లోనే ఉన్నారు. "దయచేసి నోళ్ళు మూసుకోండి, ఏమీ అనుకోకండి," అన్నాను.

రెండిళ్ళవాళ్ళూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఆ తర్వాత కలిసికట్టుగా నన్ను వీధి చివరి దాకా తరిమారు. అబ్బులు దీన్ని విజయం కింద లెక్కవేస్తున్నాడు. గొడవ ఆగిన మాట వాస్తవం.

సాయంత్రం చేపల తొట్టిలోకి వేడినీళ్ళు వచ్చాయి. రాత్రి అందరికీ చేపల పులుసు.

నమోదు 3

ఇవాళ ఉమ్మడి వంటింట్లో మూతగా పనిచేశాను.

ఇక్కడ బరువు తక్కువ. మరిగే పులుసు గిన్నెలో నిలవదు, పైకి లేచి తిరుగుతుంది. అందువల్ల పెద్ద డేగిసాకి మూత గట్టిగా అదిమి పట్టుకునే మనిషి కావాలి. వంటలక్క వీరమణికి నా సంగతి చెప్పాను.

"మూత గుర్తంటండీ మీది?" అంది. "అయితే ఎక్కి కూకోండి."

డేగిసా మూత మీద కూర్చున్నాను. కొంతసేపు నా బతుక్కి అర్థం దొరికినట్టే ఉంది. కింద వెచ్చగా ఉంది. అంతలో చల్లనీళ్ళ కుళాయిలోంచి ఆవిరి వచ్చింది. ఆవిరి కమ్మితే నడవా తలుపు సరిగ్గా మూసుకోదు. పాత అలవాటు కొద్దీ దిగి తలుపు లాగి చూడడానికి పరిగెత్తాను.

పులుసు పైకప్పుని తాకింది. కిందికి నెమ్మదిగా దిగింది కాబట్టి అందరికీ పళ్ళేలు పట్టుకునే వ్యవధి దొరికింది. ముక్కలు సమానంగా పడలేదు.

"ఇంకెప్పుడూ రాకండి బుల్లబ్బాయిగారూ," అంది వీరమణి. "తప్పుగా అనుకోకండేం."

నమోదు 4

బడిగదిలో నీళ్ళబిందె ఒలికి నేలంతా గడ్డకట్టింది. పాఠం మానేసి పిల్లలు దాని మీద జారి ఆడుకున్నారు. పడమటి వరస ఇళ్ళలో రాత్రంతా వేడి రాలేదు. మధ్యాహ్నం సభ గంట కొట్టి, ఎవరి దుప్పట్లు వాళ్ళు పడమటి వరసకి పంపమని చెప్పారు. వేడి ఎందుకు తప్పుతోందో ఎవరూ చెప్పలేదు. ఇలాగే ఇంకో వారం సాగితే పడమటి వరస ఖాళీ చేయాలని పల్లాలమ్మగారు అన్నారు.

అబ్బులు భోజనానికి వచ్చాడు. పులిహోర అయ్యాక తాయారు ఇంకొంచెం వడ్డించబోయింది.

"అబ్బే, నాకేం వద్దక్కా," అన్నాడు.

"కొంచెం ఏసుకోరా."

"అయ్యో, నిజంగా ఒద్దు."

"మనింట్లో మొగమాటమేంట్రా?"

అప్పుడు పళ్ళెం ముందుకి జరిపాడు. మా ఊళ్ళో మొదటి రెండు వద్దులూ మర్యాదకి అంటారు. మూడోది అంటేనే కడుపు నిండినట్టు లెక్క.

తిన్నాక అబ్బులు నాకోసం కట్టుకొచ్చిన వివరణ వినిపించాడు. "మూత అంటే ఓర్పు. లోపల మరుగుతున్నా పైకి పొంగనివ్వదు. ముప్ఫై ఏళ్ళు తలుపుల ఎనకాల నిలబడ్డ మా బావగారు ఇకమీదట ఊరి కోపాలన్నీ తన గుండెల్లో దాచుకుంటారు." చివర్లో గొంతు వణికించాలన్నాడు.

బాగుంది. సభ ఒప్పుకుంటుంది. ఇంతకంటే నాసి వివరణలు ఒప్పుకోవడం నేను చూశాను. గ్రీజు డబ్బా గుర్తొచ్చిన మనిషిని పెళ్ళిళ్ళ పేరయ్యగా ఒప్పుకున్నారు.

అయినా తాయారు నా సంచీ సర్దింది. ఊరగాయ జాడీలు పెట్టింది. "ఎవరన్నా మిమ్మల్ని నువ్వంటే మీరు మాత్రం మీరనే అనండి. మనం తగ్గకూడదు," అంది. ఆ తర్వాత జాడీ మూతలు గట్టిగా ఉన్నాయో లేదో చాలాసేపు చూసింది. అన్నీ గట్టిగానే ఉన్నాయి.

నమోదు 5

పొద్దున్నే మామ్మ దగ్గరికి వెళ్ళాను. ఓర్పు గురించి నాకు తెలియదు. ఊరి కోపాలు గుండెల్లో దాచుకునే ఉద్దేశం కూడా లేదు. ఇంకో బొమ్మ వస్తే మంచిదనుకున్నాను.

తెర వెలిగింది. మళ్ళీ మూతే. మొన్నటికంటే పెద్దగా ఉంది.

"మామ్మా, ఇంకేదైనా ఉంటే చూపిస్తారాండి?"

"ప్రస్తుతానికి ఇదేనండి."

"సరేనండి, వెళ్ళొస్తాను. మీకేమైనా కావాలాండి?"

"అబ్బే, నాకేం వద్దండి."

గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాను. ఆ అబ్బే నేను ముందురోజు విన్నాను. అబ్బులు పులిహోర ముందు అన్న అబ్బే అదే. సాగదీత కూడా అంతే ఉంది.

వెనక్కి వచ్చాను. "పర్లేదు, చెప్పండి మామ్మా."

"అయ్యో, నిజంగా ఒద్దండి."

"మనింట్లో మొగమాటమేంటండి?"

మామ్మ లోపల ఏదో గిర్రున తిరిగి ఆగింది. "మీరు అంతలా అంటన్నారు కాబట్టి," అంది మెల్లగా, "ఒక మూత ఇప్పిస్తారేటండి?"

"దేనికండి?"

"నా నెత్తి మీదికండి. మొన్నటి మంచుకంపంలో ఎగిరిపోయిందండి. పైనుంచి మంచు కరిగి చుక్కలు లోపల పడతన్నాయి. ఏ ఇంటికి ఎప్పుడు ఎంత వేడి పంపాలో గుర్తుండట్లేదండి."

నిచ్చెన వేసుకుని ఎక్కి చూశాను. మూత లేదు. చుక్క పడుతోంది. రెండూ నిజమే.

"వేడినీళ్ళు పంపేది మీరాండి?"

"అదొక్కటే కదండీ నా పని. నేను నీళ్ళు కాచే పెట్టెనండి."

"మరి గుర్తులు?"

"గుర్తులేంటండి?"

నిచ్చెన మీంచే అడిగాను. "అబ్బులుకి గొట్టం చూపించారు కదండీ."

"గొట్టం పగిలిందండి. ఆ అబ్బాయి చూసి దండం పెట్టి ఎల్లిపోయాడు. తెచ్చిస్తాడనుకున్నాను."

"నట్టు, బోల్టు?"

"రెండూ వదులయ్యాయండి. వారం తేడాలో ఇద్దరికి చూపించాను. వాళ్ళేమో శుభలేఖ పట్టుకొచ్చారు. అప్పుడు మళ్ళీ నట్టు అడిగితే బాగుండదని ఊరుకున్నాను."

"నా రబ్బరు చుట్టు?"

"అదీ కావాలండి. తొందరేం లేదు."

"నోటితో చెప్పొచ్చు కదండీ!"

"మీ తాతల మాటలు విని నేర్చుకున్నదాన్నండి. నోరు తెరిచి అడగడం వాళ్ళ ఇళ్ళల్లో లేదు. అందుకే బొమ్మ చూపిస్తాను. వచ్చినోళ్ళంతా ఏమైనా కావాలా అని ఒక్కసారే అడుగుతారు, ఎల్లిపోతారు."

"ఇన్నేళ్ళు ఎలా నడిపారండీ?"

"సర్దుకుపోయానండి."

తలుపుని లాగి చూసినట్టే ఈ మాటల్ని కూడా అటూ ఇటూ లాగి చూశాను. ఎక్కడా వదులు లేదు.

మిగతా గుర్తులు కూడా ఒక్కొక్కటీ దేనికో చెప్పించుకుని, చివర్లో మూత కొలత అడిగాను. మూరెడు వెడల్పు, కంచు, అంచున నాలుగు కన్నాలు అంది. సరిగ్గా అప్పుడు సభకి రమ్మని గంట మోగింది. మా సభ గంట మూరెడు వెడల్పున్న కంచు పళ్ళెం. మంచుకంపం తర్వాత నడవాలో దొరికింది. మోత బాగుందని దాని కన్నాల్లోంచి తాడు తీసి సభ గుమ్మానికి వేలాడదీశారు.

నమోదు 6

సభలో జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఊరంతా వచ్చింది. వేడి రాలేదు కాబట్టి అందరూ దుప్పట్లు కప్పుకుని వచ్చారు. పల్లాలమ్మగారు బ్రష్ బల్ల మీద పెట్టుకుని కూర్చున్నారు. అబ్బులు నాకు ఎదురుగా నిలబడి గొంతు ఎక్కడ వణికించాలో చేత్తో సైగ చేస్తున్నాడు. తాయారు చివరి వరసలో సంచీతో కూర్చుంది.

ఓర్పు గురించిన వివరణ నాకు నోటికి వచ్చు. చెప్తే ఇంట్లో ఉంటాను. మామ్మ తడుస్తూ ఉంటుంది, పడమటి వరస గడ్డకడుతుంది. నిజం చెప్తే మూతకి నా బతుకుతో సంబంధం లేదని నేనే ఒప్పుకున్నట్టు. రేపు పొద్దున్నే బండి.

"చెప్పండి బుల్లబ్బాయిగారూ," అన్నారు పల్లాలమ్మగారు. "మూత అంటే?"

"మూత అంటే మూతేనండి," అన్నాను.

అబ్బులు చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

మామ్మ చెప్పినదంతా, మన గంటే మామ్మ మూత అన్న సంగతితో సహా చెప్పాను. ఒక్క విశేషణం కూడా కలపలేదు. నేను ఆపగానే అబ్బులు లేచాడు.

"అంటే, నేను ఇన్నేళ్ళు వాయించింది..."

"నీళ్ళ గొట్టంరా."

"పెళ్ళిళ్ళలో అంతా తలలూపేవారు కదా బావగారూ!"

ఎవరూ అతని వైపు చూడలేదు.

చంటిబాబు లేచాడు. "మరయితే మా సంగతేంటండి? మాది పెళ్ళి కాదంటారా?"

నూకరత్నం అతని దుప్పటి పట్టుకుని కిందికి లాగింది. "కూర్చోండి ముందు. ముగ్గురు పిల్లలు పుట్టాక ఇప్పుడు నట్టు అడుగుతారంట. నట్టిస్తాను. బోల్టూ ఇస్తాను. మిమ్మల్ని మాత్రం ఇవ్వను."

జనం నవ్వారు. పల్లాలమ్మగారు నవ్వలేదు. బ్రష్ చేతిలోకి తీసుకుని కుచ్చు మీద బొటనవేలితో రుద్దారు.

"మామ్మకి బ్రష్ దేనికంట?"

"లోపల నీళ్ళ తొట్టికి ఉప్పు పేరుకుందంటండి. తోమాలంట."

"ఎప్పటి నుంచి?"

"మీకు పద్దెనిమిదేళ్ళు వచ్చినప్పటి నుంచండి."

ఆవిడ కాసేపు లెక్క చూసుకున్నట్టున్నారు. "ఊరంతా తోమాను," అన్నారు. "అదొక్కటే తోమలేదు." లేచి నిలబడ్డారు. "ఆ గంట దింపండర్రా."

అందరూ ఇళ్ళకి వెళ్ళి గుమ్మాలకి తగిలించినవి పట్టుకొచ్చారు. నా రబ్బరు చుట్టు నేను తెచ్చాను. వాషర్లు, స్ప్రింగులు, దూది, తాయారు జల్లెడ, గ్రీజు డబ్బా. ఏళ్ళ తరబడి రోజూ తుడిచినవి కాబట్టి అన్నీ కొత్తవాటిలా ఉన్నాయి. ప్రతిదీ దాని చోట సరిగ్గా సరిపోయింది. అబ్బులు గొట్టానికి మాత్రం కన్నాలున్నాయి.

"ఇప్పుడేం చేస్తారు బావగారూ?" అన్నాడు గొట్టాన్ని గుండెలకి హత్తుకుని. నేను తప్పు మాట చెప్తే ఏడ్చేలా ఉన్నాడు.

"వేరే గొట్టం వేస్తారులే. అది నీ దగ్గరే ఉంచుకో."

కొందరు తలలు దించుకున్నారు.

పల్లాలమ్మగారు చీర దోపుకుని తొట్టిలోకి దిగి స్వయంగా తోమారు. ఎవర్నీ చెయ్యి వేయనివ్వలేదు. ఆవిడ బయటికి వచ్చాక నేను పైకెక్కి మూత బిగించి, నాలుగు వైపులా లాగి చూశాను. కొద్దిసేపటికి నడవాలో గోడలు వెచ్చబడ్డాయి.

అప్పుడు తెర మళ్ళీ వెలిగింది. తాడు బొమ్మ.

"ఏం కావాలి మామ్మా?" అన్నారు పల్లాలమ్మగారు.

"అబ్బే, ఏం వద్దండి."

"చెప్పండి, పర్లేదు."

"అయ్యో, ఒద్దండి. ఇప్పటికే చాలా శ్రమ ఇచ్చాను."

పల్లాలమ్మగారు మూడోసారి అడగబోయి ఆగిపోయారు. అంత పెద్ద యంత్రాన్ని అన్నిసార్లు నిలదీస్తే ఏమనుకుంటుందోనని ఆవిడకే మొహమాటం వచ్చింది. చంటిబాబు ప్రయత్నించి రెండో వద్దుకే దండం పెట్టాడు. అబ్బులు మొదటి వద్దుకే సరేనండి అన్నాడు. వద్దంటే నమ్మడం మా ఊరివాళ్ళకి భోజనాల దగ్గర తప్ప అన్నిచోట్లా అలవాటు. నాకు ఆ అలవాటు లేదు. మూసుకున్నానని చెప్పే తలుపులతో నేను ముప్ఫై ఏళ్ళు గడిపాను.

"చెప్పేయండి మామ్మా. మీరు చెప్పందే నేను కదలను."

"ఆ మూత ఊడకుండా ఒక తాడు కడతారేటండి?"

కట్టాను.

పల్లాలమ్మగారు తడిచేతులు తుడుచుకుంటూ సభని అక్కడే, వేడినీళ్ళ గదిలోనే తిరిగి మొదలుపెట్టారు. "ఈయన మూతకి పరమార్థం చెప్పలేదు. నియమం ప్రకారం బండెక్కాలి," అన్నారు. తాయారు సంచీ భుజానికి వేసుకుంది. "కానీ రేపు మామ్మకి ఇంకోటి కావలసొస్తే మూడోసారి అడిగే మొహం మనలో ఎవరికుంది? ఉన్నోళ్ళు చెయ్యెత్తండి."

అందరూ ఒకరినొకరు చూసుకున్నారు. నేను ఎత్తాను.

"అయితే రోజూ పొద్దున్నే వచ్చి అడగండి. బండిలో మీ చోటు ఖాళీగానే పోతుంది."

తాయారు సంచీ దింపి అక్కడే జాడీ తెరిచింది. వేడి గోడకి ఆనుకుని అందరం ఊరగాయ నంజుకున్నాం.

నమోదు 7

వేడినీళ్ళు పొద్దున్నే వచ్చాయి. పడమటి వరసవాళ్ళు దుప్పట్లు తిరిగి పంపారు. కొన్ని ఎవరివో తేలలేదు.

పద్దెనిమిది నిండిన ఒక అమ్మాయి కొత్తబట్టలు కట్టుకుని మామ్మ దగ్గరికి వచ్చింది. నిజం తెలిసి కూడా ఎందుకొచ్చావని అడిగాను. "ఏం కావాలో కనుక్కుని వద్దామని," అంది. మామ్మ మేకు చూపించింది. అమ్మాయి చాలా సంతోషంగా వెళ్ళింది. ఆ మేకుతో ఏం చేస్తుందో తెలియదు. మామ్మకి ఇస్తే మంచిదే.

ఆ అమ్మాయి వెళ్ళాక నా పని మొదలుపెట్టాను. తెర మీద కుర్చీ బొమ్మ వచ్చింది. గొట్టాల వెంట వెతికాను. తొట్టి వెనక చూశాను. నిచ్చెన ఎక్కి చూశాను. కుర్చీ పట్టే చోటు ఎక్కడా కనిపించలేదు.

"ఇది ఎక్కడ బిగించాలండి?"

"బిగించేదేం కాదండి."

"మరి దేనికి?"

"మీకేనండి. వచ్చినప్పటి నుంచి నిలబడే ఉంటన్నారు."

కుర్చీ తెచ్చి తెర ముందు వేసుకున్నాను. కూర్చునే ముందు నాలుగు కాళ్ళూ ఊపి చూశాను. గట్టిగానే ఉన్నాయి.